చేపల అంచు చీర

నాకు అన్నిటికంటే పెద్ద భయం మా అమ్మ ముఖం మా అత్తగారింటి టీవీలో కనబడుతుందేమోనని. పోయిన ఆదివారం దాకా అదే. పాపకి మళ్ళీ ఫిట్స్ వస్తాయేమోనన్న భయం కూడా దాని తరవాతే. రాస్తుంటే సిగ్గుగానే ఉంది. కన్నతల్లికి జబ్బు చేస్తుందేమోనని అందరూ భయపడతారు. కనబడుతుందేమోనని భయపడ్డ కూతుర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా అమ్మ పేరు వెంకటరమణమ్మ. ఉండేది తెనాలి. నాటకాల్లో వేషాలు వేస్తుంది. అక్కడ ఆమె పేరు తెనాలి రమణి. నాటక పరిషత్తు పోటీలు ఎక్కడ పెట్టినా వెళ్తుంది. వేషాలు వేసే ఆడవాళ్ళు ఇప్పుడు తక్కువ కాబట్టి ఒకే పోటీలో మూడు నాటక సమాజాల వాళ్ళు ఆమెనే పిలుస్తారు. ఒక నాటికలో చచ్చిపోయి, ముఖం కడుక్కుని వచ్చి, తరవాతి నాటికలో కొడుక్కి పెళ్ళి చేస్తుంది. తనకి పోటీ తనే.

నా ఏడో ఏట నాన్న పోయాడు. నన్ను ఎవరి దగ్గర వదలాలో తెలియక అమ్మ వెంట తిప్పుకునేది. మేకప్ గదుల్లో సామాను పెట్టెల మీద పడుకుని నిద్రపోయేదాన్ని. పరిషత్తుల కాలమూ పరీక్షల కాలమూ ఒకటే. తొమ్మిదో తరగతి పరీక్షలు జరుగుతున్నప్పుడు మేము ఇంకేదో ఊళ్ళో ఉన్నాం. ఆ తరవాత నేను బడికి వెళ్ళలేదు. ఒక షాపులో చేరి కుట్టు నేర్చుకున్నాను. ఆ కుట్టు షాపులో ఉండగానే రవితేజ పరిచయమయ్యాడు. వాళ్ళది రేపల్లె. నిజాంపట్నం హార్బర్లో బోటు మీద వేటకి వెళ్తాడు. ఇష్టపడే చేసుకున్నాం.

పెళ్ళి మాటలప్పుడు అతనే అన్నాడు. "మీ అమ్మ నాటకాలేస్తదని మా అమ్మతో అనమాకు సుధా. స్టేజీ ఎక్కే వాళ్ళంటే మా అమ్మకి గిట్టదు."

అమ్మ ఆ మాట విని, "డ్రెస్సులు కుడతానని చెప్పు. తెనాలిలో నాటకాల డ్రెస్సులు కుట్టేవాళ్ళు బోలెడుమంది. అడిగినా తడబడకుండా చెప్పొచ్చు" అంది. ఆ మాట కూడా ఆమే నేర్పిందన్నమాట నాకు. నాలుగేళ్ళుగా అదే అప్పజెబుతున్నాను.

నెల కిందట ఒక మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, నాకు ప్రైజొచ్చిందే. రాష్ట్రం మొత్తం మీద. ఉత్తమ నటి."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో చెప్పాలి మీకు. "టీవీలో చూపిస్తారా అమ్మా?" అన్నాను. సంతోషంగా అన్న మాట కాదది. అమ్మకి గొంతులు తెలుసు. నా గొంతులో ఏముందో ఆమెకి అర్థమైంది.

"ఏమో, చూపిస్తారేమోలే" అంది. "మీ ఇంట్లో ఆ ఛానెల్ వస్తదా?"

"వస్తదమ్మా. మావయ్య చూస్తాడు."

"ఊఁ. పాపకి జ్వరం తగ్గిందా మరి?"

అంతే. ఇంక ప్రైజు మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

*

పోయిన ఆదివారం సాయంత్రం ఐదింటికి టీవీలో ఆ అవార్డుల సభ మొదలుపెట్టారు, విజయవాడ నుంచి. మా మావయ్య కోటయ్య నాలుగున్నరకే రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు వేట లేని రోజు వస్తే ఎంత దూరమైనా నడిచి నాటకానికి వెళ్ళేవాడట. ఇప్పుడు నడుం నొప్పి, మంచం మీదే. మా అత్త లక్ష్మీతిరుపతమ్మ బాపట్ల మార్కెట్లో ఎండుచేపలు అమ్ముతుంది. అప్పుడే బస్సు దిగి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టుతో గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కింటి లిడియా వదిన అంగన్వాడీలో ఆయా. వాళ్ళ టీవీ పాడై ఆరు నెలలైంది, బాగు చేయించే ఉద్దేశం ఉన్నట్టు కూడా లేదు. రోజూ వచ్చినట్టే వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది.

నా ఒళ్ళో పాప ధన్విక. రెండేళ్ళు. మూడు రోజులుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. పోయిన ఏడు ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి నా చెయ్యి దాని నుదుటి మీద ఉన్నదే ఎక్కువ.

గంట గడిచినా దండలూ శాలువాలూ అవలేదు.

"ఏంటి బాబాయ్ ఇది? ఇచ్చేదెప్పుడు?" అంది లిడియా వదిన.

"వేసిన శాలువానే వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ వేస్తన్నారేమో చూడు. అన్నీ ఒకటే రంగు" అన్నాడు మావయ్య.

తరవాత సినిమా పాటకి పదిమంది పిల్లలు డాన్స్ చేశారు. మావయ్యకి కోపం వచ్చింది. "నాటకాలోళ్ళ పండగలో ఈ ఎగరటమేంటే? పద్యం పాడించొచ్చుగా ఒకటి?"

"మీరు ఊరుకోండి. పిల్లలు బాగా చేస్తన్నారు" అంది అత్త. "మీ పద్యం మొదలైతే తెల్లారుద్ది."

నేను డాన్స్ చూడలేదు. కెమెరా జనం వైపు తిరిగినప్పుడల్లా వరసలు వెతుకుతున్నాను. ముందు సోఫాల్లో పెద్దవాళ్ళు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో నాటకాల వాళ్ళు, చేతిలో మంచినీళ్ళ సీసాలతో. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ముఖాలు రెండు మూడు కనబడ్డాయి. అమ్మ లేదు. లేనందుకు ఊపిరి తీసుకుంటున్నాను, మళ్ళీ కెమెరా తిరగగానే బిగబడుతున్నాను. ఆ గంటన్నరలో ఎంత అలిసిపోయానో, గంపెడు బట్టలు ఉతికినా అంత అలిసిపోను.

హార్మోనియం వాయించే ముసలాయనకి ఒక అవార్డు ఇచ్చారు. ఆయన మైకు దగ్గరికి వచ్చి, జేబులోంచి కాయితం తీసి, కళ్ళజోడు పెట్టుకునే లోపల వెనక మ్యూజిక్ వేసేశారు. యాంకరమ్మాయి నవ్వుతూ ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకి నడిపించింది.

"ఆపండ్రా! ఆయన్ని మాట్టాడనియ్యండి!" మావయ్య మంచం మీద నుంచి సగం లేచాడు. "ఏబై ఏళ్ళు వాయించినోడికి ఒక్క నిమిషం ఇయ్యలేరంట."

"మీరరిస్తే విజయవాడకి వినపడుద్దా? నడుం పట్టుద్ది, పడుకోండి" అంది అత్త. కానీ ఆమె కూడా నవ్వలేదు. "కాయితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు చూడు, పాపం" అంది.

అప్పుడు ఉత్తమ నటి అన్నారు.

నేను లేవబోయాను. "పాపకి నీళ్ళు పడతా."

"కూచోవే, అసలు సంగతి ఇప్పుడేగా" అని లిడియా వదిన నా కొంగు పట్టుకుని లాగింది.

ముందు నాటికలో ఒక ముక్క చూపించారు. పోలీస్ స్టేషన్. తెల్ల జుట్టు, లావు కళ్ళజోడు, ఒంగిన నడుము. తప్పిపోయిన కూతురి ఆనవాళ్ళు ఎస్సైకి చెబుతోంది మా అమ్మ. ఎత్తెంత అని అడిగితే తన భుజం మీద చెయ్యి పెట్టి చూపిస్తుంది. రంగేంటి అంటే చెప్పలేకపోతుంది. "అన్నంలో పెరుగు ముందు కలుపుకుంటది బాబూ, పప్పు తరవాత" అంటుంది. ఎస్సై వేషం వేసినాయన పెన్ను కింద పెట్టేస్తాడు. అమ్మ ఏడవదు. కొంగు ముందుకి లాక్కుని, దాన్ని రెండు చేతులతో విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పుతుంది. అంతే చేస్తుంది.

లిడియా వదిన ముక్కు చీదింది. మావయ్య చేతిలో రిమోట్ కిందకి జారింది. మా అత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఎవరో గానీ అచ్చం మా పెద్దమ్మే" అంది. "మా పెద్దమ్మ కూడా బోటు రాలేదన్న రోజు ఇట్టాగే..." అని, ఆ మాట సగంలోనే ఆపేసింది. ముందుకి ఒంగింది.

"ఆ చీర."

నేనూ అప్పుడే గుర్తుపట్టాను.

ఆ చీర మా పాప బారసాలకి మా అత్త మా అమ్మకి పెట్టింది. చీరాల వెళ్ళి, నేతగాళ్ళ ఇంట్లో కూర్చుని, ఇరవై చీరలు విప్పించి తెచ్చింది. ఆకుపచ్చ నేత. వంగపండు రంగు అంచు. ఆ అంచులో వరసగా చిన్న చిన్న చేపలు. వియ్యపురాలికి మనింటి గుర్తు ఉండాలని ఏరి తెచ్చింది. ఈ నాటికల్లో ఎవరి బట్టలు వాళ్ళే తెచ్చుకోవాలి, సమాజం వాళ్ళు ఇవ్వరు. అమ్మకున్న మంచి చీరల్లో అదొకటి. టీవీలో చూపిస్తారని నాటిక ఆడిన రోజున ఎవరికి తెలుసు?

టీవీలో యాంకర్ చెబుతోంది: "అనారోగ్యం కారణంగా శ్రీమతి తెనాలి రమణి గారు ఈ వేడుకకు రాలేకపోయారు. వారి తరఫున నాటక సమాజం కార్యదర్శి రాజారత్నం గారు ఈ పురస్కారాన్ని స్వీకరిస్తారు."

"అది నేను పెట్టిన చీరే" అంది అత్త. "ఆ చేపలు నేను ఏరిందే. ఏవే సుధా, మీ అమ్మ నేను పెట్టిన చీర నాటకాలోళ్ళకి అద్దెకిచ్చిందా?"

నాకు దారి దొరికింది. ఆమే చూపించింది. అవునత్తమ్మా, కుట్టుకి వచ్చిన వాళ్ళెవరో అడిగి ఉంటారు, ఇచ్చి ఉంటది అంటే సరిపోయేది. నోరు తెరిచాను కూడా.

"ఏమో అత్తమ్మా" అన్నాను.

"ఏమో ఏంటి? వియ్యపురాలికని పెట్టిన చీర! మడత విప్పకుండా బీరువాలో పెట్టుకున్నా బాధపడేదాన్ని కాదు. డబ్బులకి ఇస్తారా ఎవరైనా? ఆమెకి అంత చులకనైపోయానా నేను?" ఆమె గొంతు పెరగలేదు, తగ్గింది. అది ఇంకా కష్టం. "వియ్యపురాలు మంచిదనుకున్నాలే నేను."

లిడియా వదిన నా వైపు చూసింది. పాప దగ్గింది. నుదుటి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అమ్మని దొంగని చేసి నేను దొరగా ఉండటానికి ఆ క్షణంలో ఓపిక లేకపోయింది నాకు. ధైర్యం వచ్చి చెప్పాను అనుకోకండి. ఓపిక లేకే చెప్పాను.

"అద్దెకివ్వలేదత్తమ్మా. కట్టుకుంది. ఆమె మా అమ్మే."

టీవీలో చప్పట్లు. రాజారత్నం గారు మా అమ్మ అవార్డు పట్టుకుని నిలబడ్డారు.

మావయ్య నన్ను చూడలేదు, టీవీనే చూస్తున్నాడు. "ఆ స్టేషన్లో ముసలామె వెంకటరమణమ్మ గారా?" అన్నాడు. "మన పాప బారసాలకి వచ్చి ఆ మూల కూచున్నామె?"

"అవును మావయ్యా."

"ఓరి నాయనో" అన్నాడు.

అత్త చాలాసేపు తన తడి జుట్టు వేళ్ళతో విడదీస్తూ కూర్చుంది. తరవాత, "నాలుగేళ్ళు" అంది. "డ్రెస్సులు కుడతదని. నా జాకెట్టు కూడా కుట్టించాలనుకున్నా ఆమెతో. నాటకాలు మీ అమ్మ ఎక్కడో వేసిందేమో గానీ, నా ఇంట్లో, నా కంచంలో తింటా వేసిందానివి నువ్వే."

నేను పాపని భుజం మీదికి ఎత్తుకున్నాను.

"ఆడు కూడా తెలిసే ఊరుకున్నాడా?"

తల ఊపాను. రవి వేటకి వెళ్ళి అప్పటికి ఎనిమిది రోజులు. అతన్ని తిట్టటానికి కూడా దొరకడు.

"సరే, అదంతా ఆడొచ్చాక. జబ్బన్నారుగా మీ అమ్మకి? ఫోన్ చెయ్యి ముందు."

చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. తొమ్మిది గంటలదాకా చేస్తూనే ఉన్నాను.

*

పాప జ్వరం వంద దాటింది. దాన్ని రైలెక్కించటానికి నాకు భయం, వదిలి వెళ్ళటానికి ఇంకా భయం. సోమవారం పొద్దున ఎవరూ చెప్పకుండానే అత్త ఎండుచేపల గంప పక్కన పెట్టి తెనాలి పాసింజర్ ఎక్కింది. వెళ్ళే ముందు, "నీ కోసం కాదు. జబ్బు మనిషి కోసం" అంది.

తొమ్మిదిన్నరకి ఫోన్ చేసింది. "తాళం ఉందే తలుపుకి. నువ్వోసారి మీ అమ్మకి ఫోన్ కొట్టు."

కొట్టి, మళ్ళీ అత్తకి చేశాను.

"మోగింది. ఇంటి లోపల మోగింది."

తాళం బయట ఉంది కాబట్టి అమ్మ లోపల లేదు. అది నాకు తెలుసు. తెలిసినా, ఖాళీ ఇంట్లో ఆ ఫోన్ మోగటం తలుచుకుంటే ఇప్పటికీ ఆ నంబర్ నొక్కలేను. నాటకానికి వెళ్ళేటప్పుడు అమ్మ ఫోన్ తీసుకెళ్ళదు. ఒకసారి రంగం మధ్యలో తెర వెనక ఆమె సంచిలో మోగింది. ఆ సమాజానికి రావలసిన ప్రైజు పోయింది. అప్పటి నుంచీ ఇంట్లోనే వదిలి, రెండు రోజులకోసారి ఎవరిదో ఒక ఫోన్ అడిగి నాకు చేస్తుంది. ఎన్నడూ తప్పలేదు.

పక్కవాటాలో ఉండే రాజరాజేశ్వరి టీచర్ గారు చెప్పిందట, శనివారం మధ్యాహ్నం సంచి తగిలించుకుని కాకుమానులో నాటకం ఉందని వెళ్ళిందని, పది రోజులుగా దగ్గుతోందని. రాజారత్నం గారి నంబర్ కూడా ఆవిడే ఇచ్చింది. ఆయనతో నేనే మాట్లాడాను.

"అవార్డుకి రానని ముందే చెప్పిందమ్మా. ఎందుకండీ అంటే చెప్పదు. పిలిచినోళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి గదాని ఒంట్లో బాగాలేదని నేనే చెప్పించా" అన్నారాయన. "అది అబద్ధమే. కానీ శనివారం కాకుమానులో చూస్తే నిజంగానే ఒళ్ళు కాలిపోతంది. మానుకో అమ్మా అంటే వినలా. వేసింది. ఆదివారం పొద్దున బాపట్ల బస్సు నేనే ఎక్కించా. అక్కడ రైలెక్కి తెనాలి వెళ్తానంది. ఏం, రాలేదా?"

రాలేదు.

ఆ మధ్యాహ్నమే మా అత్త తెనాలి పోలీస్ స్టేషన్లో చెప్పి, రాయించి, అక్కడి నుంచి బాపట్ల వెళ్ళింది. బాపట్లలో ఆమెకి తెలియని కొట్టు లేదు. రైల్వే స్టేషన్ బయట టీ అమ్మే వెంకయ్య అనే ఆయన గుర్తుపట్టాడు. మనిషిని కాదు, చీరని.

అతను చెప్పింది అత్త నాకు చెప్పింది. ఎలా చెప్పిందో అలాగే రాస్తున్నాను.

"ఆకుపచ్చ చీర, చేపల అంచు. పొద్దున్నుంచీ ఆ బల్ల మీదే ఉందండి. రెండు టీలు తాగింది, ఇడ్లీ పెట్టిస్తే సగం వదిలేసింది. వెళ్ళరా అమ్మా, రైళ్ళు పోతన్నయ్ అంటే సాయంత్రం దాకా కూచుంటానంది. మా కొట్లో టీవీ ఉంది గదా, ఐదింటికి ఆ నాటకాల అవార్డులు పెట్టమంది. క్రికెట్ చూసేవాళ్ళు గోల చేశారు. అయినా ఆడమనిషి అడిగిందని పెట్టా. మొత్తం చూసింది. ఆ పోలీస్ స్టేషన్ సీను వచ్చినప్పుడు కొట్లో అందరూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయారు. ఎవరమ్మా ఈమె, బ్రహ్మాండంగా చేసింది అన్నా నేను. ఎవరోలే బాబూ అంది. కొంగు లోపలికి తిప్పి దోపుకుంది, అంచు కనపడకుండా. ఆ తరవాత లేచి స్టేషన్లోకి వెళ్ళింది. ఏ రైలెక్కిందో నేను చూడలా."

ఇదంతా అత్త బాపట్ల నుంచే ఫోన్లో చెప్పింది.

"తన ప్రైజు తను చూసుకోటానికి ఊరుగాని ఊళ్ళో టీ కొట్టు బల్ల మీద కూచుంది. మనింట్లో టీవీ లేదా?" అంది చివరికి. తిడుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఇవాళ గురువారం. పాప జ్వరం దిగింది. అమ్మ దగ్గర్నుంచి ఫోన్ రాలేదు. రోజూ పొద్దున్నే రాజరాజేశ్వరి టీచర్ గారికి చేస్తున్నాను, తాళం అలాగే ఉందంటోంది. ఆస్పత్రుల్లో అడిగించాం. లేదన్నారు. రాజారత్నం గారేమో ధైర్యం చెబుతున్నారు. "ఉగాది దాకా ఆమె ఆరు చోట్ల వేషాలు ఒప్పుకుంది తల్లీ. ముప్పై ఏళ్ళలో ఒప్పుకున్న నాటకానికి రాకుండా ఉన్నది లేదు. ఎక్కడో ఒక చోట తెర లేచేసరికి ఉంటది" అంటున్నారు. ఆ ఆరు చోట్లు ఏవో ఆయనకీ పూర్తిగా తెలియదు, వేర్వేరు సమాజాల వాళ్ళు పిలిచారు.

మా అత్తని అడిగాను, కోపం పోయిందా అని. "పోలా. ఉంది. ఉంటే ఉంది, రమ్మను" అంది.

అందుకే ఇది రాస్తున్నాను. మీలో నాటకాలు చూసేవాళ్ళు ఉంటారు. తల్లి వేషం వేసినామె మా అమ్మే కావచ్చు, నా భుజం దాకా ఉంటుంది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. దగ్గు వస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరుగుతుంది. అన్నం పెడితే వద్దంటుంది, మళ్ళీ అడిగితే తింటుంది. మేకప్ ఎవరితో వేయించుకోదు, తనే వేసుకుంటుంది. చీర ఆకుపచ్చదై ఉండొచ్చు, అంచు లోపలికి దోపుకుని ఉండొచ్చు. తెర పడగానే చప్పట్లు కొట్టి లేచి వెళ్ళిపోకండి. వెనక గదిలోకి వెళ్ళి, ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం ఉందేమో ఒక్కసారి చూడండి.